నంబరు ఒకటి, ఇంజను ఒకటి



అమెరికాలోని పెన్సిల్వేనియా రాష్ట్రంలో స్ట్రాస్‌బర్గ్ అని ఒక చిన్న ఊరు ఉంది. చుట్టూ పొలాలు, ఊరి పక్కన ఒక రైల్వే మ్యూజియం. ఆ రాష్ట్రంలోనే ఉంటున్న మా అమ్మాయి ఒక వేసవిలో నన్ను అక్కడికి తీసుకెళ్లింది. పెద్ద షెడ్డు కింద బారులు తీరిన బొగ్గింజన్లలో ఒకదాని ముందు నేను చాలాసేపు ఆగిపోయాను. దాని నంబరు 7002.

ఆ నంబరు నాకు కొత్తది కాదు. 1905 జూన్‌లో పెన్సిల్వేనియా స్పెషల్ అనే రైలును చికాగో వైపు లాక్కెళ్తున్న 7002, ఒహయో రాష్ట్రంలో మూడు మైళ్ల దూరాన్ని 85 సెకన్లలో దాటిందని ప్రసిద్ధి. లెక్క కడితే గంటకు 127 మైళ్లు, అంటే సుమారు 204 కిలోమీటర్లు. నూటపాతికేళ్ల కిందటి మాటేమీ కాదుగానీ, దరిదాపుల్లోదే. నేను ఆ ఇంజను పక్కన నిలబడి ఫొటో తీయించుకున్నాను. ఇంటికొచ్చి అందరికీ చూపించాను.

అసలు సంగతి తర్వాత పుస్తకాల్లో చదివాను. నిజమైన 7002ను 1930లలోనే తుక్కు చేసేశారు. తర్వాత ప్రదర్శనలో పెట్టడానికి, దాని ఈడుదే, దాని కుటుంబానిదే అయిన 8063 అనే ఇంజనును ముస్తాబు చేసి, మీద 7002 అని రాశారు. నేను ఫొటో తీయించుకున్నది 8063తో. ఇది చరిత్రకారులు దాచిన రహస్యం కాదు. సరైన పుస్తకం తెరిచినవాళ్లకు దొరికే విషయమే. నేను తెరవకుండా వెళ్లాను, అంతే.

ఆ రోజు నుంచి నాకు ఒక పట్టుదల వచ్చింది. పాత రైల్వే ఇంజన్ల గురించి ఏ పుస్తకం నమ్మాలి, ఏది కొనాలి, దేన్ని ఎందుకు తెరవాలి అన్నది తేల్చుకోవాలని. ఇవాళ మీతో పంచుకునేది ఆ అనుభవమే. ఉదాహరణగా ఆ ఒక్క రైల్వేనే తీసుకుంటాను. పెన్సిల్వేనియా రైల్‌రోడ్.

బెజవాడ లోకో షెడ్డు పొగలో పెరిగినవాడికి పెన్సిల్వేనియాతో ఏం పని అని మీరు అడగవచ్చు. పని ఉంది. మన బ్రాడ్‌గేజి మీద ఎక్స్‌ప్రెస్ రైళ్లను లాగిన డబ్ల్యూపీ ఇంజన్లు గుర్తున్నాయా? ముందు భాగం తూటాలా నున్నగా ఉండి, మధ్యలో నక్షత్రం మెరిసే ఆ ఇంజన్ల తొలి నమూనాలు 16. అవి 1947లో అమెరికాలోని బాల్డ్విన్ కంపెనీ నుంచి వచ్చాయి. ఫిలడెల్ఫియాలో పుట్టి, ఆ పక్కనే ఉన్న ఎడ్డీస్టోన్‌కు మారిన కంపెనీ అది. అదే బాల్డ్విన్, అదే గడ్డ మీద, పెన్సిల్వేనియా రైల్‌రోడ్‌కు కూడా వందల కొద్దీ ఇంజన్లు కట్టింది. మా నాన్న ఫైర్‌మన్‌గా బొగ్గు వేసిన డబ్ల్యూపీల పుట్టిల్లు వెతుక్కుంటూ నేను ఆ రైల్వే దాకా వెళ్లాను.

ఇక ఆ రైల్వే సంగతి. 1846లో ఏర్పడింది. ఫిలడెల్ఫియా కేంద్రంగా పడమర చికాగో, సెయింట్ లూయిస్ దాకా పాకింది. తాను ప్రపంచానికే ప్రామాణికమైన రైల్వేనని చెప్పుకునేది. ఆ మాటకు కొంత ఆధారమూ ఉంది. చాలా కంపెనీలు ఇంజన్లను బయట కొనుక్కుంటుంటే, ఇది ఆల్టూనా అనే ఊళ్లో సొంత కార్ఖానాల్లో ఆరు వేలకు పైగా కట్టుకుంది. ఇంజనును కదలకుండా నిలబెట్టి, చక్రాలు మాత్రం రోలర్ల మీద తిరిగేలా చేసి, శక్తి ఎంత, బొగ్గు ఎంత, నీళ్లెన్ని అని కొలిచే పరీక్షశాలను 1904లో సెయింట్ లూయిస్ ప్రదర్శనలో చూపించి, తర్వాత ఆల్టూనాకు తరలించింది. 1957 నవంబరు దాకా ఆవిరి ఇంజన్లను నడిపింది. 1968 ఫిబ్రవరి 1న న్యూయార్క్ సెంట్రల్‌తో కలిసిపోయి పెన్ సెంట్రల్ అయింది. రెండేళ్లు తిరగగానే, 1970 జూన్‌లో, ఆ కొత్త కంపెనీ దివాలా తీసింది.

ఇంత చరిత్ర ఉన్న రైల్వేకి పుస్తకాలకు కొదవ లేదు. ఆ రాశిలోంచి ఎంచుకోవడమే కష్టం. ఆ కష్టం మొదలయ్యేది నంబర్ల దగ్గరే.

మన దగ్గర ఇంజను నంబరు చూస్తే జాతి తెలిసిపోతుంది. ముందు డబ్ల్యూపీ అనో డబ్ల్యూజీ అనో ఉంటుంది, తర్వాత అంకె. పెన్సిల్వేనియాలో చాలాకాలం ఏ నంబరు ఖాళీ అయితే ఆ నంబరు కొత్త ఇంజనుకు ఇచ్చారు. వాళ్ల కె4ఎస్ తరగతి సంగతి చూడండి. ప్యాసింజర్ రైళ్లు లాగిన పేరున్న ఇంజన్లు, 1914 నుంచి 1928 దాకా మొత్తం 425 కట్టారు. మొదటిది 1737. మరొకటి 1361. ఇంకొకటి 3750. ఇంకొకటి 5399. నంబర్లలో వరసా వావీ లేదు. అంకె చూసి ఇది ఫలానా జాతి అని చెప్పలేం.

కాబట్టి ప్రతి ఇంజనుకూ మూడు ఆనవాళ్లు ఉన్నాయని గుర్తుపెట్టుకోవాలి. మన ఊళ్లో ఇంటి లెక్కతో చెబుతాను. మునిసిపాలిటీ వాళ్లు వచ్చి డోర్ నంబరు మారుస్తారు. గోడ మీద పాత నంబరు, కొత్త నంబరు రెండూ కనిపిస్తాయి. ఇంజను మీద రాసిన నంబరు అలాంటిది. రెండోది ఇంటిపేరు. అది తరగతి. ఇ అంటే ముందు నాలుగు చిన్న చక్రాలు, మధ్య నాలుగు పెద్ద చక్రాలు, వెనక రెండు. కె అంటే నాలుగు, ఆరు, రెండు. చివర ఉన్న ఎస్ అక్షరం ఆవిరిని మరింత వేడిచేసే సూపర్‌హీటరుకు గుర్తు. తర్వాతి రోజుల్లో అది అన్నిటికీ ఉండటంతో ఆ అక్షరం తీసేశారు. కె4ఎస్ అన్నా కె4 అన్నా ఒకటే. మూడోది సర్వే నంబరు లాంటిది. అంటే ఇంజనును కట్టిన కార్ఖానా తన వరసలో వేసిన సంఖ్య. డోర్ నంబరు ఎన్నిసార్లు మారినా అడంగల్‌లో సర్వే నంబరును బట్టి భూమిని గుర్తుపట్టినట్టు, ఈ సంఖ్యను బట్టి ఇంజనును గుర్తుపడతారు.

ఈ మూడింటినీ ఒక్కచోట కట్టి చూపించేదే నా దృష్టిలో ఆకర గ్రంథం. మిగతావి చదువుకునే పుస్తకాలు. అవీ కావాలి, కానీ వాటి పని వేరు.

ఇక ఏ పుస్తకం దేనికి అన్నది చూద్దాం.

నంబరు ఒకటి దొరికింది, అది ఏ ఇంజనో తెలియాలి. అప్పుడు కావలసింది జాబితా. పెన్సిల్వేనియాకు సంబంధించి విలియం ఎడ్సన్ 1974లో తెచ్చిన 'కీస్టోన్ స్టీమ్ అండ్ ఎలక్ట్రిక్' అలాంటిది. చదవడానికి కూర్చుంటే పంచాంగం చదివినట్టే ఉంటుంది. పంచాంగాన్ని ఎవరూ కథలా చదవరు గదా, తిథి కావలసినప్పుడు తెరుస్తారు. ఇదీ అంతే. కానీ ఒక జాగ్రత్త ఉంది. అందులో ఉన్నది 1906 నుంచి కట్టిన ఇంజన్ల లెక్క. నా 7002, 8063 రెండూ 1902 నాటివి. అవి దాని పరిధికి బయటివి. అందులో దొరకలేదని పుస్తకాన్ని తప్పుపట్టకూడదు. అట్ట మీద ఏ సంవత్సరం నుంచి ఏ సంవత్సరం దాకా అని రాసి ఉందో చూడకుండా పుస్తకం కొనకూడదు. నేను నేర్చుకున్న మొదటి పాఠం ఇదే.

ఇంజను ఎలా ఉండేది, ఎందుకు అలా కట్టారు, తర్వాత ఏం మార్చారు అని అడిగితే జాబితా పలకదు. దానికి ఆల్విన్ స్టాఫర్ పుస్తకాలు ఉన్నాయి. 1962లో 'పెన్సీ పవర్' వచ్చింది, 1900 నుంచి 1957 దాకా ఆవిరి, విద్యుత్ ఇంజన్లతో. 1968లో రెండో సంపుటం, 1993లో మూడోది. తరగతి వారీగా ఫొటోలు, కొలతలు, వివరణ. ఒక్కటే కొనగలను అనేవారికి నేను మొదటి సంపుటమే చెబుతాను. ఆ రైల్వే ముఖాలన్నీ అందులో పరిచయమవుతాయి.

కారణం తెలియడం ఎంత ముఖ్యమో ఒక ఉదాహరణ చెబుతాను. పెన్సిల్వేనియా ఇంజన్లకు ఒక పుట్టుమచ్చ ఉంది. ఫైర్‌బాక్స్ పైభాగం గుండ్రంగా కాకుండా, చదరంగా భుజాలు ఎగరేసినట్టు ఉంటుంది. బెల్జియం ఇంజనీరు బెల్పేర్ పేరు మీద దాన్ని బెల్పేర్ ఫైర్‌బాక్స్ అంటారు. రెండో ప్రపంచ యుద్ధంలో కట్టిన జె1 తరగతి 125 ఇంజన్లకు మాత్రం ఆ పుట్టుమచ్చ లేదు. ఎందుకు లేదు? యుద్ధకాలపు ఆంక్షల వల్ల కొత్త డిజైన్ తయారుచేసుకునే వీలు లేకపోయింది. చెసపీక్ అండ్ ఒహయో రైల్వేలో అప్పటికే నడుస్తున్న టీ-1 నమూనాను తీసుకుని కట్టుకున్నారు. జాబితా 125 అని చెబుతుంది. మంచి వివరణ గ్రంథం యుద్ధాన్ని చూపిస్తుంది. రెండూ పక్కపక్కన ఉండాలి.

ఒకే తరగతి మీద మనసు పడినవాళ్లకు దాని మీదే రాసిన పుస్తకాలు ఉంటాయి. ఫ్రెడరిక్ వెస్టింగ్ 1963లో 'ఏపెక్స్ ఆఫ్ ద అట్లాంటిక్స్' అని ఇ6 తరగతి మీద ఒక పుస్తకం రాశాడు. కట్టినవి 83 ఇంజన్లే. వాటిలో 460 నంబరుది 1927లో విమానవీరుడు లిండ్‌బర్గ్‌కు వాషింగ్టన్‌లో జరిగిన స్వాగతం ఫిల్ములను న్యూయార్క్‌కు పరుగున చేర్చింది. ఆ ఇంజను ఇప్పటికీ స్ట్రాస్‌బర్గ్‌లో ఉంది. విద్యుత్ ఇంజన్లలో జీజీ1 మీద, 139 కట్టిన ఆ అందమైన ఇంజన్ల మీద, కార్ల్ జిమ్మర్‌మన్ రాశాడు. బొగ్గు పోయి డీజిల్ ఎలా వచ్చిందో తెలియాలంటే ఎరిక్ హిర్సిమాకి రెండు సంపుటాలు ఉన్నాయి. ఇంజన్ల వెనక ఉన్న కంపెనీ, డబ్బు, మనుషులు తెలియాలంటే ఆల్బర్ట్ చురెల్లా 2013లో మొదలుపెట్టిన పెద్ద చరిత్ర ఉంది. అందులో మొదటి సంపుటం 1917 దగ్గర ఆగుతుంది.

ఇంకొక రకం ఉంది, నాకు చాలా ఇష్టమైనది. ఆ కాలంలోనే రాసినవి. పాల్ వార్నర్ 1924 దాకా ఆ రైల్వే ఇంజన్ల పరిణామం రాశాడు. ఆల్టూనా పరీక్షశాల తన ఫలితాలను చిన్న పుస్తకాలుగా అచ్చువేసేది. వీటిలో తర్వాతివాళ్ల వ్యామోహం ఉండదు, వాళ్లు ఆ రోజు కొలిచిన అంకె ఉంటుంది. మనకు కైఫీయత్తులు ఎలాంటివో చరిత్రకారులకు అవి అలాంటివి. కంపెనీ కాగితాలే చూడాలనుకునేవాళ్లకు డెలావేర్ రాష్ట్రంలో విల్మింగ్టన్ దగ్గర హాగ్లీ లైబ్రరీ, హారిస్‌బర్గ్‌లో రాష్ట్ర పురాలేఖశాల ఉన్నాయి.

మరి చేతిలో ఉన్న పుస్తకం నమ్మదగ్గదో కాదో తెలిసేదెలా? నేను పాటించే పద్ధతి ఒక్కటే. జవాబు ముందే తెలిసిన ఒక ప్రశ్న పెట్టుకుని, ఆ పుస్తకాన్ని అడుగుతాను. పెన్సిల్వేనియా పుస్తకాలకు నా దగ్గర మూడు ప్రశ్నలు ఉన్నాయి.

మొదటిది 7002. ఆ పుస్తకంలో మ్యూజియం ఇంజను ఫొటో వేసి, ప్రపంచ రికార్డు సాధించిన ఇంజను ఇదే అని రాసి ఉంటే పక్కన పెట్టేస్తాను. ఆ 127 మైళ్ల వేగాన్ని ఏ పరికరమూ కొలవలేదు, దారిలో రాసుకున్న వేళల నుంచి లెక్క కట్టారు. ఆ సంగతి కూడా చెప్పిన పుస్తకమైతే గౌరవిస్తాను.

రెండోది 1737. కె4ఎస్‌లలో మొట్టమొదటిది. దాన్ని దాచాలని రైల్వే అనుకుంది. చూస్తే అది బాగా పాడైపోయి ఉంది. దాని బదులు 3750 మీద 1737 అని రాసి నిలబెట్టారు. తర్వాత మళ్లీ 3750కి తన నంబరు ఇచ్చారు. అది మారు నంబరుతో ఉన్న రోజుల్లో తీసిన ఫొటో కింద 1737 అని మాత్రమే రాసి ఊరుకున్న పుస్తకం, ఫొటో మీద అంకె చూసి రాసిందే తప్ప వెతికి రాసింది కాదు.

మూడోది పెన్సిల్వేనియా సొంత టీ1 తరగతి, ఇందాకటి చెసపీక్ టీ-1 కాదు. 52 ఇంజన్లు. అన్నిటినీ తుక్కు చేశారు, ఒక్కటీ మిగల్లేదు. గంటకు 140 మైళ్లు వెళ్లాయని జనంలో మాట ఉంది. ఆ మాటకు కాగితం సాక్ష్యం లేదు. పుస్తకం దాన్ని వాస్తవంలా చెబుతోందా, ప్రచారంలో ఉన్న మాటగా చెబుతోందా అన్నది చూస్తాను. ఈ తేడా తెలిసిన రచయిత మిగతా పేజీల్లోనూ జాగ్రత్తగా ఉంటాడు.

ఒకసారి నేను ఖరీదైన, నిగనిగలాడే బొమ్మల పుస్తకం ఒకటి తెప్పించుకున్నాను. పేరు చెప్పను. మూడు ప్రశ్నల్లో రెండింటికి తప్పు జవాబే. బొమ్మలు చూడటానికి ఇప్పటికీ తెరుస్తాను. అందులోని అంకెను మాత్రం ఎక్కడా ఎత్తి రాయను.

ఫొటోల మాట వచ్చింది కాబట్టి ఇంకొక విషయం. ఫొటో కింద ఊరు, సంవత్సరం ఉన్న పుస్తకమే మంచిది. కారణం ఏమిటంటే, ఇంజను ముఖం వయసుతో మారుతుంది. యుద్ధం అయ్యాక కె4 ఇంజన్లలో చాలావాటికి హెడ్‌లైటును పైకి మార్చి, కరెంటు ఇచ్చే చిన్న టర్బైనును కిందికి, ముఖం ముందుకి తెచ్చారు. దాని కింద మనిషి నిలబడటానికి చిన్న అరుగు పెట్టారు. ముందున్న ఊచల పైలట్ పోయి, పోత ఉక్కు పైలట్ వచ్చింది. ఇది తెలిసినవాడు తేదీ లేని ఫొటో చూసి, ఇది యుద్ధానికి ముందుదా తర్వాతదా అని చెప్పగలడు. మన ఇళ్లలో పాత ఫొటో చూసి, నాన్నకు మీసం ఉంది కాబట్టి ఇది పెళ్లికి ముందుది అన్నట్టే. అలాంటి చూపు నేర్పే పుస్తకం వంద బొమ్మలున్న పుస్తకం కన్నా మేలు.

పుస్తకం చేతికి రాగానే వెనకనుంచి తెరవండి. అకారాది సూచిక ఉందా? నంబరు పట్టుకుని వెతికే వీలుందా? కట్టిన నెల, సంవత్సరం ఉన్నాయా? ఎక్కడి కాగితాలు చూసి రాశారో చెప్పారా? చివరికి ఆ ఇంజను ఏమైందో చెప్పారా? పుట్టుక చెప్పి, చావు చెప్పని పుస్తకాలు చాలా ఉన్నాయి. 8063 లాంటి ఇంజన్ల కథ అంతా ఆ చివరి వరసలోనే ఉంటుంది.

మరొక మాట. అచ్చయిన పుస్తకం అచ్చయిన రోజున ఆగిపోతుంది. పరిశోధన ఆగదు. పెన్సిల్వేనియా రైల్‌రోడ్ అభిమానులకు ఒక చారిత్రక సంఘం ఉంది, 'ద కీస్టోన్' అనే పత్రిక నడుపుతోంది. పాత పుస్తకాల్లోని తప్పులు ఇలాంటి పత్రికల్లోనే బయటపడతాయి. నా దగ్గరున్న పుస్తకాల అంచుల్లో సన్నటి పెన్సిలుతో ఆ సవరణలు రాసుకుంటాను. అలా రాసుకున్న పుస్తకమే నాకు ఎక్కువ విలువైనది.

ఇదంతా ముసలివాళ్ల కాలక్షేపం అనుకోకండి. మిగలకుండా పోయిన టీ1ను మళ్లీ కట్టాలని అమెరికాలో కొందరు 2014 నుంచి పనిచేస్తున్నారు. పాత టీ1ల చివరి నంబరు 5549. కొత్తదానికి 5550 అని పెట్టారు. దాన్ని కడుతున్నది పాత డ్రాయింగులను ఆధారం చేసుకునే. ఎవరో ఒకరు ఆ కాగితాలను పారేయకుండా దాచారు, ఇంకొకరు వాటిలో ఏది దేనిదో గుర్తుపట్టారు. ఉక్కు కరిగిపోయినా కొలత మిగిలింది కాబట్టి ఆ పని సాధ్యమవుతోంది.

ఇక మన సంగతికి వస్తాను. 1874లో వాడి అనే ఊరి నుంచి సికింద్రాబాదుకు రైలు వచ్చింది. తర్వాత ఆ నిజాం రైల్వే కాజీపేట మీదుగా బెజవాడ దాకా సాగింది. ఆ ఇంజన్ల లెక్క ఎక్కడుంది? హ్యూ హ్యూస్ అనే రచయిత 1990 నుంచి 1996 మధ్య 'ఇండియన్ లోకోమోటివ్స్' పేరుతో నాలుగు భాగాలు తెచ్చాడు. మొదటిది బ్రాడ్‌గేజి, రెండోది మీటర్‌గేజి, మూడోది నారోగేజి. ఈ మూడూ 1940 దాకా. నాలుగోది 1941 నుంచి 1990 దాకా. మన రైల్వేల మీద ఆసక్తి ఉన్నవాళ్లు మొదట వెతకవలసినవి ఇవే. సన్నటి పుస్తకాలు. ఒక జీవితకాలపు శ్రమ.

మా నాన్న దగ్గర ఒక చిన్న డైరీ ఉండేది. డ్యూటీకి ఎక్కిన ఇంజను నంబరు, దిగిన వేళ, ఇంకేమీ ఉండేది కాదు అందులో. అమ్మ దాన్ని ట్రంకు పెట్టెలో దాచింది. ఆయన పోయిన చాలా ఏళ్లకు, ఒక సాయంత్రం ఆ డైరీని, హ్యూస్ నాలుగో భాగాన్ని పక్కపక్కన పెట్టుకుని కూర్చున్నాను. పేజీ పేజీకీ కనిపించే ఒక డబ్ల్యూపీ నంబరు మీద వేలు పెట్టి, ఇటు వరసలో వెతికాను. దొరికింది. దాని ఎదురుగా కట్టిన దేశం కెనడా అని ఉంది.

మా నాన్న నెల్లూరు దాటి దక్షిణాదికి ఎన్నిసార్లు వెళ్లాడో వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. ఆయన ఏళ్ల తరబడి బొగ్గు వేసిన ఇంజను మంచు దేశంలో పుట్టి, సముద్రాలు దాటి బెజవాడ షెడ్డుకు వచ్చింది. ఆయనకు ఆ సంగతి తెలిసే ఉంటుంది, ఇంజను మీద పలక ఉంటుంది కదా. నాకు మాత్రం ఆ పుస్తకమే చెప్పింది.

మీ ఇళ్లలోనూ ఇలాంటి డైరీలు, డ్యూటీ చిట్టాలు, షెడ్డు ముందు దిగిన ఫొటోలు ఉండవచ్చు. దయచేసి పారేయకండి. ఫొటో వెనక ఊరు, సంవత్సరం, ఇంజను నంబరు రాసిపెట్టండి, తెలిసినంత వరకే రాయండి. రేపు మన రైల్వేల మీద తెలుగులో మంచి ఆకర గ్రంథం రాసేవాళ్లకు అది ఒక్క వరస అయినా అవుతుంది.